పెద్దవాళ్ల కంచంలో ఏం తగ్గింది?

గుంటూరులో ఉంటూ మిరపకాయను అనుమానించడానికి కొంత గుండె ధైర్యం కావాలి. ఆసియాలోనే అతి పెద్దదని పేరున్న మిర్చి యార్డు ఊళ్లోనే ఉంది. సీజనులో ఆ దారిన వెళ్తే బస్సు అద్దాలు మూసి ఉన్నా దగ్గు ఆగదు. అలాంటి ఊరికి 2019లో ఒక వార్త చేరింది: కారం ఎక్కువగా తింటే మతిమరుపు వస్తుందట. చైనాలో 55 ఏళ్లు దాటిన 4,582 మందిని పదిహేనేళ్లపాటు గమనించిన పరిశోధన అది. రోజుకు 50 గ్రాములకు మించి మిరప తినేవాళ్లలో జ్ఞాపకశక్తి తగ్గే ముప్పు దాదాపు రెట్టింపు కనిపించిందని అందులో ఉంది. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక బాబాయి ఆ రోజే ఆవకాయ జాడీ ఫొటో పెట్టి, ‘ముద్దాయి ఇదేనా?’ అని అడిగారు.

ముద్దాయి అనడానికి ఆ సాక్ష్యం చాలదు. కారం బాగా తినేవాళ్ల ఆదాయాలు తక్కువని, వాళ్లు సన్నగా ఉన్నారని ఆ పరిశోధనలోనే కనిపించింది. పేదరికానిది ఎంత భాగమో, మిరపది ఎంత భాగమో గమనింపుతో మాత్రమే తేల్చలేం. అయినా ఆ వార్తను నేను పూర్తిగా కొట్టిపారేయను. మన దగ్గర కారం ఒంటరిగా కంచంలోకి రాదు, ఉప్పునూ నూనెనూ వెంటబెట్టుకుని వస్తుంది. గోలీకాయంత గోంగూర పచ్చడితో చేటెడు అన్నం లోపలికి వెళ్లిపోతుంది. కూర లేకపోయినా పూట గడిచిపోతుంది. ఆ పూట తినవలసిన పప్పు, ఆకుకూర, గుడ్డు ఏమయ్యాయన్నది నాకు మిరపకాయ కన్నా పెద్ద ప్రశ్న.

దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తీ ఆలోచనాశక్తీ క్రమంగా క్షీణించే జబ్బు, ఉందని 2023లో వెలువడిన అంచనా చెబుతోంది. మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో, పట్టణాల కన్నా పల్లెల్లో ఎక్కువ. ఇంట్లో ఒక్కరు ఇలా అయితే చాలు, చుట్టాలందరూ ఒకటే అడుగుతారు: ఏం తింటే తగ్గుతుంది? బాదంపప్పు నానబెట్టి ఇవ్వమంటారు. దుగ్గిరాల పసుపు పాలలో కలపమంటారు. సరస్వతి ఆకు రసం తాగించమంటారు. అమెరికాలో ఉన్న కొడుకు బ్లూబెర్రీ గుళికలు పంపిస్తాడు. బ్లూబెర్రీకి ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్లు మన నేరేడు పండులోనూ ఉంటాయని చెబితే ఎవరికీ ఆనదు, తోపుడు బండి మీద దొరికేదానికి అంత విలువ ఎక్కడిది? ఇక పసుపులోని కుర్‌కుమిన్ పేగుల నుంచి రక్తంలోకి సరిగా వెళ్లదు. దాని మీద ఇన్నేళ్లుగా పెట్టుకున్న ఆశలకు తగిన ఫలితం డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్ రోగుల మీద జరిగిన పరీక్షల్లో రాలేదు.

ఇలాంటి జాబితాల్లో బాగా పేరు పడినది ‘మైండ్’ ఆహార పద్ధతి. షికాగోలోని రష్ యూనివర్సిటీలో మార్తా క్లేర్ మోరిస్ బృందం దాన్ని రూపొందించింది. ఆకుకూరలు, బెర్రీలు, పప్పుధాన్యాలు, గింజలు, చేపలు పెంచాలి. వెన్న, చీజ్, మిఠాయిలు, వేపుళ్లు తగ్గించాలి. దాన్ని గట్టిగా పాటించినవాళ్లలో అల్జీమర్స్ ముప్పు 53 శాతం తక్కువగా ఉందని 2015లో ప్రకటించారు. ఆ అంకె పత్రికల్లో ఊరేగింది. ఆ తరువాత అసలు పరీక్ష పెట్టారు. 604 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మైండ్ భోజనం, రెండో జట్టుకు మామూలు భోజనమే ఇచ్చి, రెండింటిలోనూ మోతాదు కాస్త తగ్గించి, మూడేళ్లు చూశారు. 2023లో ఫలితం వచ్చింది. రెండు జట్లవాళ్లూ సుమారు అయిదు కిలోల బరువు తగ్గారు, మెదడు పనితీరు పరీక్షల్లో ఇద్దరి మార్కులూ కొద్దిగా పెరిగాయి. తేడా మాత్రం చెప్పుకోదగ్గది కాదు. ఈ వార్త అంతగా ఊరేగలేదు.

దీన్నిబట్టి తిండికీ మెదడుకూ సంబంధమే లేదనుకుంటే తొందరపాటు. పాతికేళ్లపాటు లోలోపల పాకే జబ్బుకు మూడేళ్ల గడువు చిన్నది. పైగా ఫిన్లాండ్‌లో 1,260 మంది మీద జరిగి, 2015లో ఫలితాలు వెలువడిన ‘ఫింగర్’ పరీక్షలో తిండితో పాటు వ్యాయామం, మెదడుకు కసరత్తు, బీపీ, షుగర్ల మీద నిఘా అన్నీ కలిపి రెండేళ్లు నడిపారు. మొత్తం మెదడు పనితీరులో మెరుగుదల రెండో జట్టు కన్నా 25 శాతం ఎక్కువగా వచ్చింది. అంటే తిండి ఒక్కటే మందులా పనిచెయ్యదు, మిగిలినవాటితో కలిసి పనిచేస్తుంది. కంచంలో కొత్తగా ఏం వెయ్యాలన్న వెతుకులాటలో పడి, ఉన్నవి ఎప్పుడు మాయమయ్యాయో మనం చూసుకోవడం లేదని నా ఫిర్యాదు.

విజయవాడ సత్యనారాయణపురంలో మా పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది. వయసు 76. పన్నెండేళ్లుగా షుగర్ బిళ్ల వేసుకుంటోంది, అంతకు ముందు నుంచీ గ్యాస్ బిళ్ల కూడా. గత ఏడాది పాలు పొయ్యి మీద పెట్టి గుడికి వెళ్లిపోవడం రెండుసార్లు జరిగింది. పనిమనిషికి జీతం ఇచ్చి, ఇవ్వలేదనుకుని మళ్లీ ఇచ్చింది. ‘రాత్రి ఏం తిన్నావు పెద్దమ్మా?’ అంటే, ‘ఏదో తిన్నాను నాయనా’ అనేది. ఆ ‘ఏదో’ మతిమరుపు వల్ల వచ్చిన మాటో, గుర్తు పెట్టుకోవలసినంత వంట ఆ ఇంట్లో లేకపోవడం వల్ల వచ్చిన మాటో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ఒక వారం పక్కనే ఉండి చూశాను. పొద్దున రెండు ఇడ్లీలు, కారప్పొడి. మధ్యాహ్నం వీధి చివరి కర్రీ పాయింటు నుంచి ఒక పొట్లం వేపుడు, సాంబారు. ఒక్క మనిషికి కూర వండుకోవడం దండగ అంటుంది. రాత్రికి టిఫిను, అంటే ఉప్మానో అటుకులో. శనివారం ఒంటిపూట. పై వరస దంతాలు పోయాక తోటకూర కాడలు, వేరుశనగలు మానేసింది. కొలెస్ట్రాల్ అని ఎవరో అన్నారని గుడ్డు మానేసింది. చేప ముళ్లు కనబడటం లేదని చేప మానేసింది. కైకలూరు చెరువుల చేప రోజూ దిగే ఊళ్లో! పెరుగు బరువు చేస్తుందని మజ్జిగకు దిగింది. గ్లాసు నీళ్లలో చెంచాడు పెరుగు. ఒక్కొక్కటి మానడానికి ఒక్కొక్క మంచి కారణమే ఉంది. పదేళ్లలో అన్నీ కలిసి కంచంలో తెల్లటి పదార్థాలు, కారం, ఉప్పు మాత్రం మిగిల్చాయి.

రక్తపరీక్షలో విటమిన్ బి12 బాగా తక్కువ అని వచ్చింది. ఇందులో వింత లేదు. బి12 మొక్కల ఆహారంలో దొరకదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం ద్వారా రావాలి. తిన్నది కూడా కడుపులోని ఆమ్లం విడదీస్తేనే ఒంటికి పడుతుంది. వయసుతో ఆ ఆమ్లం కొందరిలో తగ్గుతుంది, గ్యాస్ బిళ్ల దాన్ని ఇంకా తగ్గిస్తుంది. షుగరుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 పేగుల్లో ఒంటబట్టడం తగ్గుతుంది. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు. పడేటప్పటికి అరికాళ్లలో తిమ్మిరి, నీరసం, మాటల్లో తడబాటు, మరపు కనిపిస్తాయి. వీటిని చూసి ‘వయసు’ అనేస్తాం.

ఇక్కడ ఒక తెలుగువాడి సంగతి చెప్పాలి. బి విటమిన్లలోనే మరొకటైన ఫోలిక్ ఆమ్లాన్ని 1941లో పాలకూర నుంచి వేరుచేశారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారిని 1945లో కనిపెట్టింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా మందుల కంపెనీ లెడర్లేలో నడిపిన పరిశోధక బృందం. రక్తహీనతకు అది గొప్ప మందు. అయితే బి12 లోపం ఉన్న మనిషికి ఫోలిక్ బిళ్ల ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడుతుంది, నరాల నష్టం మాత్రం చాటున సాగిపోతుంది. రక్తం రిపోర్టు బాగుందని నిశ్చింతగా ఉండే ఇళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. మా పెద్దమ్మకు ఇంజక్షన్లు మొదలైన మూడు నెలలకు తిమ్మిర్లు తగ్గాయి, మాట వేగం పెరిగింది. పోయినదంతా తిరిగి వచ్చిందని చెప్పను. పాలు ఇప్పటికీ అప్పుడప్పుడు పొంగుతాయి.

ఆకుకూరల విషయంలో సాక్ష్యం కాస్త గట్టిది, అది కూడా గమనింపు పరిశోధనే అయినా. రష్ యూనివర్సిటీవాళ్లే సగటు వయసు 81 ఉన్న 960 మందిని అయిదేళ్ల దగ్గరగా చూసి 2018లో ప్రకటించారు. రోజూ ఒక పూట ఆకుకూర తినేవాళ్ల మెదడు పనితీరు తగ్గే వేగం తక్కువగా ఉందట; ఆ తేడా పదకొండేళ్ల వయసు తేడాతో సమానమట. మన రైతు బజార్లలో తోటకూర, బచ్చలి, చుక్కకూర, పొన్నగంటి పొద్దున ఆరింటికే వచ్చి వాలతాయి. ఆషాఢంలో మునగాకు తినాలన్న ఆనవాయితీ కూడా ఉంది. ఇంత ఉండీ పెద్దవాళ్ల కంచంలోకి ఆకు రాకపోవడానికి కారణం ధర కాదు. వణికే వేళ్లతో ఆకు వలవడం, మసక కళ్లతో పురుగు చూడటం, పంటి కింద కాడ నలగకపోవడం. ఆకును మెత్తగా ఉడికించి పప్పులో మెదిపితే సగం చిక్కు విడిపోతుంది. వలిచి కడిగిన ఆకు అమ్మే మనిషి వీధికొకరు ఉంటే మిగతా సగం కూడా.

ఉప్పు సంగతి రెండు వైపులా పదునున్న కత్తి. రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చెంచా మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పచ్చడి, అప్పడం, కర్రీ పాయింటు సాంబారు కలిస్తే ఆ చెంచా మధ్యాహ్నానికే నిండుతుంది. ఉప్పు బీపీని పెంచుతుంది, బీపీ మెదడులోని సన్నటి రక్తనాళాలను దెబ్బతీస్తుంది. బీపీ పై అంకెను 140కి బదులు 120 లోపు ఉంచేలా మందులిస్తే జ్ఞాపకశక్తిలో తొలి తగ్గుదల 19 శాతం తక్కువగా కనిపించిందని 2019లో ఒక పెద్ద అమెరికన్ పరీక్ష తేల్చింది. ఇది విని కొన్ని ఇళ్లలో ఉప్పు పూర్తిగా మానిపిస్తారు. అసలే బెజవాడ ఎండ. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ బిళ్ల వేసుకుంటూ, చప్పిడి తింటూ, నీళ్లు మాత్రం బిందెలకొద్దీ తాగే ముసలాయనకు మే నెలలో రక్తంలో సోడియం పడిపోవచ్చు. మనిషి ఉన్నట్టుండి కొడుకు పేరు మరిచిపోతాడు, పగలా రాత్రా అంటాడు. అది డిమెన్షియా కాదు, ఆసుపత్రిలో సరిదిద్దగలిగిన లోపం. ఒకటి రెండు రోజుల్లో వచ్చిపడిన మరపును వయసు ఖాతాలో రాయడం ప్రమాదం.

షుగరు బిళ్ల వేసుకుని పూట మానేసే మా పెద్దమ్మ శనివారాలు కూడా అలాంటివే. కొన్ని రకాల షుగరు మందులతో ఖాళీ కడుపు కలిస్తే రక్తంలో చక్కెర బాగా పడిపోతుంది. అలా ఆసుపత్రి దాకా వెళ్లిన సందర్భాలు పెరిగినకొద్దీ తరువాత డిమెన్షియా ముప్పు పెరిగినట్టు 2009లోనే ఒక పెద్ద పరిశోధన గుర్తించింది. దేవుడికి దీపం చాలు, ఉపవాసం వద్దని పూజారి గారి చేతే చెప్పించాం. నా మాట వినే మనిషి కాదు.

వార్డుల్లో పెట్టే ఆరోగ్య శిబిరాల్లో బీపీ చూస్తారు, వేలికి సూది గుచ్చి షుగరు చూస్తారు. అరవై దాటినవాళ్లకు ఇంకో రెండు ప్రశ్నలు కలిపితే ఖర్చేమీ ఉండదు: నిన్న రాత్రి ఏం తిన్నారు, ఎవరితో కలిసి తిన్నారు? ఒంటరితనం, కళ్లు సరిగా ఆనకపోవడం, వినికిడి తగ్గడం కూడా డిమెన్షియా ముప్పులేనని వైద్య పత్రిక లాన్సెట్ నియమించిన కమిషన్ 2024 నివేదికలో ఉంది. ఈ మూడూ తిండిని కూడా పాడుచేస్తాయి. కొడుకు పంపిన గుళికల సీసా ఏ ఒక్కదానికీ జవాబు చెప్పదు.

పెద్దమ్మ కొడుకుతో మాట్లాడి ఆ గుళికల డబ్బును కింది వాటాలో ఉండే అమ్మాయికి ఇచ్చే ఏర్పాటు చేశాం. వాళ్లింట్లో వండిన దాంట్లోనే ఒక మనిషి వంతు ఎక్కువ వండుతుంది, రాత్రి పైకి తెచ్చి ఇద్దరూ కలిసి తింటారు. పోయిన ఆదివారం ఫోనులో మళ్లీ అదే ప్రశ్న అడిగాను. ‘బచ్చలికూర పప్పు, కోడిగుడ్డు పులుసు. పులుసులో చింతపండు ఎక్కువ పడింది, ఆ పిల్లకు చెప్పాను’ అంది.