సంతకాల రాజ్యం

అమెరికా అధ్యక్షుడిగా డొనాల్డ్ ట్రంప్ రెండో విడత పాలనకు 2025 ఏప్రిల్ చివరికి వంద రోజులు నిండాయి. ఈలోగా చట్టసభతో పనిలేకుండా కేవలం తన సంతకంతో ఆయన జారీ చేసిన కార్యనిర్వాహక ఉత్తర్వులు 140 దాటాయి. చట్టసభలు ఆమోదించి పంపగా సంతకం చేసిన చట్టాలు మాత్రం ఒక చేతి వేళ్లకు మించలేదు. ఉభయ సభల్లోనూ అప్పటికి మెజారిటీ ఆయన రిపబ్లికన్ పార్టీదే. బిల్లు పెట్టి, చర్చ జరిపి నెగ్గించుకునే బలం చేతిలో ఉండి కూడా ఆ దారి వైపు చూడలేదంటే, చట్టసభను అడగాల్సిన పనే లేదని ఆయన తేల్చుకున్నట్టే. మమ్మల్ని కలవరపెడుతున్నది ఇదే. ఈ కుర్చీ ట్రంప్‌తో ఆగిపోదు. రేపు ఇంకొకరు వస్తారు, ఈ అలవాటు వాళ్లకు వారసత్వంగా దక్కుతుంది.

7 కోట్ల 70 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి, మెక్సికో సరిహద్దు దాటి వచ్చేవారు బాగా తగ్గారు, చెప్పిందే చేస్తున్నారు కదా అన్నది ఆయన మద్దతుదారుల మాట. సరే. ఎన్నికల్లో గెలిచినంత మాత్రాన చట్టసభ అధికారం, కోర్టు అధికారం కూడా ఒకరి జేబులోకి వచ్చేస్తాయా?

ప్రమాణ స్వీకారం రోజునే ఇచ్చిన పౌరసత్వ ఉత్తర్వు సంగతి తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసిందే. తల్లి తాత్కాలిక వీసాపై ఉండి, తండ్రి అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో కాకపోతే, ఫిబ్రవరి 19 తర్వాత అక్కడ పుట్టే బిడ్డకు పౌరసత్వం ఉండదన్నారు. గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ల తరబడి నిలబడ్డ హెచ్-1బి దంపతులు ఆ గడువులోపే కాన్పు చేయమని డాక్టర్లను అడుగుతున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. నెలలు నిండకుండా బిడ్డను కనడం ఎంత ప్రమాదమో తెలిసీ అడిగారంటే వాళ్ల టెన్షన్ ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఆ గడ్డ మీద పుట్టినవారు ఆ దేశ పౌరులేనని 1868లో చేసిన పద్నాలుగో రాజ్యాంగ సవరణ చెబుతోంది. చైనా దంపతులకు శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో 1898లోనే సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. అధ్యక్షుడి సంతకంతో రాజ్యాంగం మారదు. రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్ హయాంలోనే నియమితుడైన సియాటిల్ జడ్జి మూడు రోజుల్లోనే ఉత్తర్వును ఆపేశారు కాబట్టి సరిపోయింది. సుప్రీంకోర్టు 2025 మే 15న వాదనలు వింది. ఇలాంటి ఉత్తర్వు గనక నిలబడితే, రేపు వచ్చే అధ్యక్షుడు తనకు నచ్చని మరో రాజ్యాంగ సవరణకు కొత్త అర్థం రాసుకుంటాడు. అది తుపాకులు ఉంచుకునే హక్కు కావచ్చు. అప్పుడు రిపబ్లికన్లు ఏ మొహం పెట్టుకుని కోర్టుకెళ్తారు?

ఎవరూ పెద్దగా పట్టించుకోని మరో సంతకం ఉంది. టిక్‌టాక్‌ను చైనా కంపెనీ అమ్ముకోవాలి, లేదంటే నిషేధమే అని రెండు పార్టీలూ కలిసి 2024లో చట్టం చేశాయి. 2025 జనవరి 17న సుప్రీంకోర్టు దాన్ని ఏకగ్రీవంగా సమర్థించింది. మూడు రోజులు తిరక్కుండానే 75 రోజుల పాటు ఆ చట్టాన్ని అమలు చేయవద్దని ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. ఏప్రిల్‌లో ఇంకో 75 రోజులు పొడిగించారు. ఆ యాప్ కోట్ల మందికి ఇష్టం కాబట్టి ప్రతిపక్ష డెమోక్రాట్లు కూడా పెద్దగా నోరు మెదపలేదు. మా దృష్టిలో మిగతా ఉత్తర్వుల కంటే ఇదే ప్రమాదకరం. నచ్చని చట్టాన్ని పక్కన పెట్టేసే అధికారం అధ్యక్షుడికి ఉందని అందరూ కలిసి మౌనంగా ఒప్పేసుకున్నారు. నచ్చిన పని కదా అని ఈరోజు వదిలేస్తే, గిట్టని పని చేసినరోజు అడ్డుకోవడానికి మాట మిగలదు.

ఇక సుంకాలు. సుంకాలు వేసే అధికారాన్ని అమెరికా రాజ్యాంగం చట్టసభకిచ్చింది. దశాబ్దాలుగా ఉన్న వాణిజ్య లోటును ఉన్నట్టుండి జాతీయ అత్యవసర పరిస్థితిగా ప్రకటించి, అత్యవసర వేళ అధ్యక్షుడికి ఆర్థిక అధికారాలిచ్చే 1977 నాటి చట్టాన్ని అడ్డం పెట్టుకుని ఏప్రిల్ 2న ప్రపంచం మీద సుంకాలు వేశారు. మన సరుకుపై 26 శాతం అన్నారు. భీమవరం వైపు రొయ్య రేటు పడిపోయింది. పట్టుబడికి వచ్చిన రొయ్యను చెరువులో ఉంచితే మేత ఖర్చు, రోగం భయం. పట్టేస్తే నష్టం. ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ రాయాల్సి వచ్చింది. వారం తిరిగేసరికి 90 రోజులు వాయిదా, అప్పటిదాకా పది శాతం చాలన్నారు. చట్టమైతే చర్చ ఉంటుంది, గడువు ఉంటుంది, రైతు సర్దుకునే వీలుంటుంది. సంతకానికి అవేవీ ఉండవు. రేపు డెమోక్రాట్ అధ్యక్షుడు వాతావరణ మార్పును అత్యవసర పరిస్థితిగా ప్రకటించి ఇదే చట్టంతో చమురు వ్యాపారాన్ని బిగిస్తే?

అలవాటు ఎలా అంటుకుంటుందో మన దేశమే చూసింది. 1977లో గద్దెనెక్కిన జనతా ప్రభుత్వం, లోక్‌సభ ఎన్నికల్లో ఓడిన పార్టీకి రాష్ట్రాల్లో కొనసాగే అర్హత లేదంటూ తొమ్మిది రాష్ట్రాల కాంగ్రెస్ ప్రభుత్వాలను రద్దు చేసింది. 1980లో తిరిగొచ్చిన ఇందిరా గాంధీ అదే వాదనతో తొమ్మిది రాష్ట్ర ప్రభుత్వాలను ఇంటికి పంపారు. ఎమర్జెన్సీని ఎదిరించి వచ్చిన పెద్దమనుషులు వేసిన దారి అది. రాష్ట్ర ప్రభుత్వాలను తొలగించే వీలిచ్చే 356వ అధికరణకు పగ్గం వేయడానికి 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన బొమ్మై తీర్పు దాకా ఆగాల్సి వచ్చింది.

అమెరికాలో ఈ దారిని మొదట తొక్కింది ట్రంప్ కాదు. చట్టసభ కలిసిరాకపోతే కలం ఉంది, ఫోన్ ఉంది అని 2014లో ఒబామా అన్నారు. పదవి దిగిపోతూ బైడెన్ సొంత కుటుంబానికి ముందస్తు క్షమాభిక్షలు రాసిచ్చారు. విద్యార్థి రుణాల మాఫీకి చట్టసభ అనుమతి లేదని 2023లో సుప్రీంకోర్టు బైడెన్‌ను ఆపినప్పుడు రాజ్యాంగం గెలిచిందని పండగ చేసుకున్న రిపబ్లికన్లే ఇవాళ గుడ్లప్పగించి చూస్తున్నారు.

చూస్తూ ఊరుకున్నా కొంత నయం. అత్యవసర పరిస్థితిని రద్దు చేయాలన్న తీర్మానం వస్తే నిర్ణీత రోజుల్లో ఓటింగ్ పెట్టాలని అక్కడి చట్టం చెబుతోంది. సుంకాలపై ఆ ఓటింగ్ రాకుండా, ఆ గడువు లెక్కలో ఈ రోజులను రోజులుగానే లెక్కించరాదని ప్రతినిధుల సభలో రిపబ్లికన్లు నిబంధన పెట్టి నెగ్గించుకున్నారు. అవునో కాదో చెప్పే ధైర్యం లేక క్యాలెండర్‌నే ఆపేశారు. జీతం తీసుకుంటున్నది చట్టాలు చేయడానికి, అధ్యక్షుణ్ని నిలదీయడానికి. ఆ పని చేయలేనివారు సీటు ఖాళీ చేయాలి. ట్రంప్ పదవీకాలం ముగిసే 2029 జనవరిలో ఇంకో పార్టీ మనిషి ఇదే కలం పట్టుకుని ఇవే సంతకాలు పెడితే, నియంతృత్వం అని గొంతు చించుకునే హక్కు వీళ్లలో ఒక్కరికీ ఉండదు.