అడిగి ఆపిన వంకాయ, అడక్కుండా వచ్చిన నూనె

రైతుబజారులో వంకాయలు ఏరేవాళ్లను చూడండి. ఒక్కో కాయా తిప్పి, తొడిమ పక్కన చిల్లుందేమో చూసుకుని గానీ సంచిలో వేయరు. ఆ కాయతొలుచు పురుగును తట్టుకునేలా ఒక బ్యాక్టీరియా జన్యువును చొప్పించి బీటీ వంకాయ తయారుచేశారు. 2009 అక్టోబరులో జన్యుమార్పిడి (జీఎం) పంటలను పరిశీలించే కేంద్ర ఆమోద కమిటీ సరేనంది కూడా. అయినా అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో సభలు పెట్టి, రైతుల మాటా శాస్త్రవేత్తల మాటా విని, అరుపులూ కేకలూ భరించి, 2010 ఫిబ్రవరి 9న దాన్ని ఆపేశారు. ఆపడం తప్పో ఒప్పో ఇప్పటికీ వాదించుకోవచ్చు, బంగ్లాదేశ్ అయితే 2013లో అనుమతిచ్చేసింది. కానీ తినేవాళ్లను అడిగారు, మాకు అదే పెద్ద విషయం.

మరి పత్తి సంగతో? 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు అందరూ దూది గురించే మాట్లాడారు. దూది తీశాక గింజ మిగులుతుంది కదా! దాన్ని మిల్లాడిస్తే నూనె మనకు, చెక్క గేదెలకు. శుద్ధి చేసిన నూనెలో ఆ బ్యాక్టీరియా జన్యువు తయారుచేసే ప్రొటీన్ దాదాపు మిగలదంటారు శాస్త్రవేత్తలు, మేం కాదనం, జీఎం అంటేనే విషమని మేమెప్పుడూ రాయలేదు. ఆ ముక్క జనానికి ముందే ఎందుకు చెప్పలేదన్నదే మా బాధ. ప్యాకెట్ ముందువైపు పైభాగాన జీఎం అని ముద్రించాలని 2013 జనవరి నుంచి నిబంధన తెచ్చారు, వెళ్లి మీ వంటింట్లో ఎన్ని ప్యాకెట్ల మీద ఉందో చూడండి.

చెప్పకపోతే అనుమానం పెరుగుతుంది, అనుమానపడ్డవాళ్లను తెలివితక్కువవాళ్లంటే ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు ఆవాల వంతు. 2022లో కమిటీ జీఎం ఆవాలకు పచ్చజెండా ఊపింది, 2024 జులైలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు ఆ అనుమతి మీద చెరోమాట చెప్పినా, అందరితో సంప్రదించి జాతీయ విధానం తేవాలన్న దగ్గర ఒకే మాట మీదున్నారు. ఆ సంప్రదింపులు ఢిల్లీ ఏసీ గదుల్లో ఇంగ్లిష్ కాగితాలతో ముగిస్తే ఒప్పుకోం. వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు మార్కెట్ యార్డుల్లో పెట్టండి, తెలుగులో పెట్టండి, పత్తి ఏరే ఆడవాళ్లకు కూలి పోకుండా ఆదివారమో, పనుల్లేని రోజుల్లోనో పెట్టండి. పరీక్షల ఫలితాలు నెల ముందే పంచాయతీ ఆఫీసులో అతికించండి. ప్యాకెట్ మీద అక్షరాలు మాత్రం కళ్లజోడు లేని ముసలమ్మకి కూడా కనపడేంత పెద్దగా ఉండాలి.