రొట్టె దొంగిలిస్తే ఉరి, అందుకే ఊళ్ళో దొంగలే లేరు... నిజమా?

ఈ మధ్య ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లాండ్ పల్లెల్లో రొట్టెముక్క దొంగిలించినా ఉరేనంట, అందుకే దొంగతనాలే లేవంట, పేదా గొప్పా అందరికీ ఒకటే న్యాయమంట, మనకీ అలాంటి చట్టాలే రావాలంట. ఒక్కోటీ చూద్దాం.

ముందు ఉరి సంగతి. 1800 ప్రాంతంలో ఉరిశిక్ష పడే నేరాలు రెండొందలకి పైనే ఉండేవి, ఇది నిజం. కానీ విక్టోరియా గద్దెనెక్కింది 1837లో, జేబు కొట్టేస్తే ఉరి అన్న చట్టం 1808లోనే పోయింది, గొర్రెల దొంగకి ఉరి 1832లో పోయింది. రొట్టె సంగతికొస్తే, 12 పెన్నీల (అంటే ఒక షిల్లింగు) లోపు సరుకు అయితే 1827 దాకా అది చిన్న దొంగతనం కిందే లెక్క, కొరడా దెబ్బలో జైలో, మరీ అయితే ద్వీపాంతరమో. ఉరి చట్టం ఉన్నప్పుడు కూడా జ్యూరీ వాళ్ళు ఏం చేసేవాళ్ళో తెలుసా, ఇంట్లో 40 షిల్లింగుల సరుకు పోతే ఉరి కాబట్టి, పోయింది ఎంతైనా సరే 39 షిల్లింగులే అని తేల్చేసేవాళ్ళు. ప్రమాణం చేసి మరీ ఆడిన అబద్ధం, అందరికీ తెలిసిందే, జడ్జిలు కూడా చాలాసార్లు చూసీ చూడనట్టు పోనిచ్చేవాళ్ళు. శిక్ష మరీ ఘోరంగా ఉంటే అసలు శిక్షే పడదని ఉరిశిక్షలు తగ్గించాలని పోరాడిన ఎంపీ శామ్యూల్ రోమిలీ పార్లమెంటులో మొత్తుకున్నది ఇదే.

దొంగతనాలు లేవా? కోర్టుకెక్కిన పెద్ద నేరాల లెక్క 1805లో సుమారు 4,600, 1842కి 31,000 దాటింది. ఇందులో ఎక్కువ భాగం దొంగతనాలే. అలాగని దొంగలు ఏడింతలు అయ్యారని కాదు. అప్పట్లో కేసు నడపాల్సింది సొమ్ము పోయినవాడే, తిరుగుడూ సాక్షుల ఖర్చూ అంతా వాడి నెత్తినే, అందుకని రైతులు చందాలేసుకుని సంఘాలు పెట్టుకుని మరీ దొంగల మీద కేసులు నడిపేవాళ్ళు. తర్వాత 1826 చట్టంతో ఆ ఖర్చులు ఇంకా ఎక్కువ కేసుల్లో ప్రభుత్వ సొమ్ములోంచి ఇవ్వడం మొదలయ్యాక కేసులు పెట్టడం తేలికైంది. అంటే అంతకుముందు ఎన్ని దొంగతనాలు చప్పుడు లేకుండా పోయాయో ఊహించుకోండి.

ఇక అందరికీ ఒకటే న్యాయం అన్నది... ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. పల్లెలో చిన్న కేసులు విన్న మేజిస్ట్రేట్ ఎవరు? జీతం లేని పదవి, భూమి మీద ఆదాయం ఉన్నవాడికే ఇచ్చేవాళ్ళు, అంటే ఊరి భూస్వామో, చాలా చోట్ల చర్చి పాదిరీనో. కూలీ ఓ భూస్వామి భూమిలో కుందేలు పట్టుకుంటే ఆ కేసు వినేది ఆ భూస్వామి తోటి భూస్వామే. అసలు అడవి కుందేలు పట్టేదాకా ఎవడి సొత్తూ కాదని వాళ్ళ చట్టమే చెప్పేది, అందుకే అది దొంగతనం కిందకే రాదు, అయినా శిక్షలకి మాత్రం తక్కువ లేదు. 1828 చట్టం ప్రకారం రాత్రి పూట వేటకి వెళ్ళి దొరికితే మొదటిసారి మూడు నెలల దాకా జైలు, రెండోసారి ఆరు, మూడోసారికి ఏడేళ్ళ ద్వీపాంతరం దాకా వెయ్యొచ్చు. పగలు వేట కోసం పొలంలో అడుగుపెడితే 1831 చట్టం కింద 40 షిల్లింగుల దాకా జరిమానా, దక్షిణాది జిల్లాల్లో కూలీకి వారానికి పది షిల్లింగులు వస్తే గొప్ప, మరి నెల కూలీ ఎక్కడ తెస్తాడు, కట్టలేక జైలుకే.

పరిగె ఏరుకోవడం కూడా అంతే. కోతలయ్యాక రాలిన కంకులు ఆడవాళ్ళూ పిల్లలూ ఏరుకోవడం తరాలుగా ఉన్న అలవాటు, సఫోక్‌లోని టిమ్‌వర్త్ ఊరి కేసులో 1788లో కోర్టు అది హక్కు కాదు పొమ్మంది. అయినా ఊళ్ళల్లో ఆడవాళ్ళు ఏరడం మానలేదు లెండి. ఊరుమ్మడి భూములకి కంచెలు పడ్డాక పొయ్యిలోకి పుల్లలు ఏరుకున్నా కేసే.

పోలీసుల భయం అంటారా, పల్లెలన్నిటికీ జీతం మీద పోలీసులు తప్పనిసరి అయ్యింది 1856లో. ఆ తర్వాత ఆరేళ్ళకే, 1862లో, దారిన పోయేవాణ్ణి అనుమానం మీద ఆపి సంచిలో కుందేలు ఉందేమో, నెమలికోడి గుడ్లున్నాయేమో వెతికే అధికారం వాళ్ళకి ఇచ్చారు.