రాళ్ల వానకు పద్దు ఉంది, గాలికి ఏది?

2024 మే 26న నాగర్‌కర్నూల్ జిల్లా తాడూరు మండలం ఇంద్రకల్‌లో, కడుతున్న కోళ్ల షెడ్డు గోడ కూలి నలుగురు చనిపోయారు. ఆ సాయంత్రం ఊరి మీద పడింది ఈదురుగాలి. కేంద్రం విపత్తు సాయానికి ఒప్పుకున్న జాతీయ జాబితాలో తుపాను ఉంది, వడగళ్ల వాన ఉంది, ఆఖరికి మంచు చరియలూ ఉన్నాయి (పాలమూరుకు వాటితో ఏం పనో!). ఈదురుగాలి లేదు. రాష్ట్రం దాన్ని స్థానిక విపత్తుగా ప్రకటించుకుంటే, విపత్తు నిధిలో 10 శాతం లోపు సర్దుకోవాలి.

ఎండకు కాగిన నేల మీద నిలువునా పెరిగిన క్యుములోనింబస్ మబ్బులోంచి, చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా కిందికి దూకి నలుదిక్కులా పరుగెడుతుంది. ఒక ఊళ్లో రేకులు ఎగిరిపోతాయి, పక్క ఊళ్లో ఆకు కదలదు. అందుకే జిల్లా లెక్కలో ఈ నష్టం ఎప్పుడూ చిన్నదే.

రేకులు లేవకుండా మనవాళ్లు పైన బండరాళ్లు పెడతారు. గాలి వాకిట్లోంచి లోపలికి దూరి రేకును కిందినుంచి ఎత్తుతుంది. అప్పుడు ఆ రాయే మంచం మీద పడుతుంది. రేకును వాసానికి బిగించే హుక్కు బోల్టుల ఖర్చు ఎక్కువేం కాదు. దాని గురించి ఊళ్లో చెప్పేవాళ్లే లేరు.

కొల్లాపూర్ మామిడి తోటల సంగతి ఇంకో తీరు. వడగండ్లు తగిలిన కాయ మీద రెండ్రోజుల్లో నల్లమచ్చ తేలుతుంది, చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. గాలికి రాలితే చెట్టు నిక్షేపంగా నిలబడే ఉంటుంది. సాయానికి 33 శాతం నష్టం తేలాలి. గాలికి ముందు చెట్టుకు ఎన్ని కాయలున్నాయో లెక్కపెట్టిందెవరు? అధికారి వచ్చేదాకా రాలిన కాయ ఏరకపోతే కుళ్లుతుంది, ఏరి పచ్చడికాయ ధరకు తోలేస్తే చూపించడానికి ఏమీ మిగలదు. పైగా పూత మీదే తోటను గుత్తకు పట్టినవాడిది నష్టం, కాగితం మీద పేరు పట్టాదారుది.

2023 మార్చి రాళ్ల వానలప్పుడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఎకరానికి 10 వేలు ప్రకటించి, కౌలు రైతులకూ దక్కాలన్నారు. మంచిదే. కానీ అది ఆ ఏటి ప్రకటన. కేంద్ర నిబంధనల ప్రకారం నీటివసతి ఉన్న పంటకు హెక్టారుకు 17 వేలు, అంటే ఎకరానికి 7 వేలు కూడా రావు. కేంద్ర పంటల బీమా పథకం ఫసల్ బీమా నుంచి తెలంగాణ 2020లోనే బయటికొచ్చింది.

నల్లగొండలో యాసంగి వడ్లదీ ఇదే గతి. పొలంలో వరి గొలుసు (కంకి) రాలితే పంట నష్టమంటారు. కోసి కొనుగోలు కేంద్రంలో కుప్ప పోశాక గాలికి టార్పాలిన్ లేచిపోయి తడిస్తే అది పంట నష్టం కింద రాదు, కాంటా కాలేదు కాబట్టి అమ్మిన సరుకూ కాదు. తేమ 17 శాతానికి దిగేదాకా రైతే మళ్లీ ఆరబోసుకోవాలి, మబ్బు వంక చూసుకుంటూ.