ఐపీ పెట్టిన పెద్దమనిషిని ఆడిపోసుకోకండి

ఎవరైనా ఐపీ, అంటే అప్పులు తీర్చలేనంటూ కోర్టులో దివాలా పిటిషన్, పెడితే చాలు, మోసగాడంటూ ఊరంతా నోరు పారేసుకోవడం మనకు అలవాటైపోయింది. పెద్దమనుషుల ముందు కూర్చుని నెలనెలా ఇంత కడతానని ఒప్పుకుని, నాలుగు వాయిదాలు కట్టాక సబ్ కోర్టు మెట్లెక్కితే ఇక తిట్లకు అంతే ఉండదు. ఆ నాలుగైనా కట్టాడన్న కృతజ్ఞత ఒక్కడికీ లేదు. వకీలు ఫీజు కూడబెట్టుకోవడానికి ఆ మాత్రం వ్యవధి వద్దా?

ఆయన చట్టం దాటి అడుగు వేయలేదు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం ప్రకారం 500 రూపాయల అప్పు తీర్చలేకపోయినా పిటిషన్ వేసుకోవచ్చు. ఇప్పుడు ఇద్దరు కడుపునిండా బిర్యానీ తిన్నా అంతకు మించుతుంది. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చిన మాట నిజమే. కానీ వ్యక్తుల అప్పుల భాగాన్ని కంపెనీల అప్పులకు హామీ సంతకం పెట్టినవాళ్ల వరకే 2019 డిసెంబరులో అమల్లోకి తెచ్చారు. మామూలు మనిషికి పాతదే దిక్కు. ఆస్తి విలువ రూపాయి బాకీకి ఎనిమిది అణాలైనా వస్తుందా అని అది ఇప్పటికీ అడుగుతుంది. అణాలు 1957లోనే పోయాయి, అది వేరే సంగతి.

కోర్టు నోటీసులు అందిన రోజు ఆ వీధి చూడాలి. అప్పిచ్చిన ప్రతివాడూ ముందు ప్రతివాదుల జాబితాలో తన రెస్పాండెంటు నంబరు వెతుక్కుంటాడు. బ్యాంకుకు ఆ బెంగ లేదు, ఇల్లు తాకట్టులో ఉంది, దాని దారి దానిది. పైన వడ్డీ వ్యాపారులు. మధ్యలో ఎవరూ ఎన్నడూ వినని బావమరిది బాకీ ఒకటి, పన్నెండు లక్షలు: నోటు మీద పాత తేదీ, కొత్త సిరా. అట్టడుగున టిఫిన్ బండి ఆవిడ. చీటీ పాడిన డబ్బు నోటైనా రాయించుకోకుండా ఇచ్చింది, అయినా ఆవిడ పేరు మరిచిపోలేదు చూశారా, అదీ పెద్దరికం!

అందరికంటే తెలివైనవాడు గుట్టుగా తన బాకీ ముందే రాబట్టుకున్నాడు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒకరి మీద పక్షపాతంతో కట్టింది చెల్లదు కాబట్టి దివాలా ఆస్తులు చూసేందుకు కోర్టు పెట్టే రిసీవరు కబురు కూడా ముందు ఆయనకే రావచ్చు.

ఐపీ మంజూరయ్యాక కూడా రాజీకి దారుంది. అప్పిచ్చినవాళ్లలో తలల లెక్కన సగానికి మించి, బాకీ లెక్కన ముప్పాతిక వంతు ఒప్పుకుంటే కోర్టే వాయిదాల ఏర్పాటును ఆమోదించవచ్చు. ఆ వాయిదా తప్పితే దాన్ని రద్దు చేసి మళ్లీ దివాలాదారుగా ప్రకటించవచ్చు. అంటే వాయిదాల్లోంచి ఐపీకి, ఐపీలోంచి వాయిదాలకి, అక్కణ్నుంచి మళ్లీ ఐపీకి. ఆర్టీసీ బస్సుకైనా ఇంత సర్వీసు ఉండదు.

పెద్దమనుషులకు నాదొక్కటే విన్నపం. ఈసారి తెల్లకాగితం మీద ఒప్పందం రాసేటప్పుడు అవతలి వకీలునూ పిలిచి టీ ఇప్పించండి. నోటీసుల్లో కనీసం ఇంటిపేర్లయినా తప్పుల్లేకుండా వస్తాయి.