సవరణ: సార్వా, దాళ్వా, ఒక సంవత్సరం
కోనసీమ బడుల్లో మాండలిక పదాలతో తెలుగు బోధించడం గురించి గత వారం నేను రాసిన వ్యాసంలో రెండు పొరపాట్లు దొర్లాయి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన వ్యవసాయ పదాల వృత్తి పదకోశం 1971 నాటిదని రాశాను. అది 1962లోనే వెలువడింది, 1971లో వచ్చినది అదే పదకోశంలోని చేనేత పదాల సంపుటం. రెండోది మరీ సిగ్గుపడదగినది: డెల్టాలో తొలకరితో మొదలయ్యే తొలి పంటను దాళ్వా అనీ, శీతకాలంలో నాట్లు వేసి కాలువ నీటితో పండించే రెండో పంటను సార్వా అనీ తారుమారు చేశాను. సార్వాయే మొదటిది. అమలాపురం దగ్గర చేనిగట్టు మీద కూర్చుని రాసుకున్న నోటుపుస్తకంలో సరిగానే ఉంది. పట్టికగా టైపు చేసేటప్పుడు గళ్లు మారిపోయాయి. ఆ పట్టికను ఇప్పటికే తరగతిలో వాడిన ఉపాధ్యాయులు, పిల్లలు ఇంట్లో తాతను అడిగి తెచ్చిన జవాబునే సరైనదిగా తీసుకోవాలని మనవి.