అప్పుచేసిన ముత్తాతే ముత్తాత

వంశవృక్షం గీయడానికి కూర్చున్న ప్రతివాడికీ మొదటి వారంలోనే ఒక రాజుగారు తగులుతారు. రాజుగారు తీరిగ్గా లేకపోతే కనీసం ఆయన సేనాపతి. నెల తిరిగేసరికి మనవాడు పాత భూమి రికార్డులు తెరుస్తాడు. అక్కడితో రాజ్యం హుళక్కి. ఉన్న పొలం తనఖా పెట్టి, వడ్డీ కట్టలేక, ఆ కోపంలో పక్కవాడి కంచె పీకిన ఒక పెద్దమనిషి మిగులుతాడు. తాతలు నేతులు తాగారంటూ మూతి వాసన చూపించబోయినవాడికి, ఆ నెయ్యి కూడా అరువు తెచ్చిందేనని రాతపూర్వకంగా తెలుస్తుంది.

నన్నడిగితే ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. భూమి కాగితానికి మంచివాళ్లంటే మొదటినుంచీ చిన్నచూపే. 1086లో ఇంగ్లండు రాజు విలియం దేశాన్ని సర్వే చేయించి డూమ్స్‌డే బుక్ రాయించాడు. భూస్వాములకు పేర్లు దక్కాయి. దున్నినవాళ్లకు మాత్రం అంకె దక్కింది: సేద్యగాళ్లు ఇందరు, నాగళ్లు ఇన్ని, పందులు ఇన్ని. చెమటోడ్చి తొమ్మిది వందల ఏళ్లు వెనక్కి వెళ్లినవాడికి ముత్తాత దొరకనే దొరుకుతాడు, ఫలానా ఊళ్లో పద్నాలుగు మందిలో ఒకడుగా.

అమెరికాలో 1862 హోమ్‌స్టెడ్ చట్టం కొంత నయం. 160 ఎకరాల దాకా సర్కారు భూమి తీసుకుని, ఇల్లు కట్టి, ఐదేళ్లు సాగు చేసి, ఇద్దరు సాక్షులను నిలబెడితే పట్టా ఇచ్చేవాళ్లు. బుద్ధిమంతుడి ఫైల్లో ఇంటి కొలతలు, దున్నిన ఎకరాలు, సాక్షుల మాటలు, అంతే. కానీ ఆ భూమికి ఎవడైనా అడ్డం తగిలాడా, మనవళ్ల పంట పండినట్టే! ఐదేళ్లలో ఎన్నాళ్లు అక్కడున్నాడు, ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా, భార్యాపిల్లలు ఎప్పుడొచ్చారు, అన్నీ వాంగ్మూలాల్లోకి ఎక్కుతాయి. అలాంటి శత్రువుకి ఏటా తద్దినం పెట్టినా తప్పులేదు.

ఇక దస్తావేజు చదవడం సామాన్యుల పని కాదు. హద్దులు ఇలా ఉంటాయి: "తెల్ల ఓక్ చెట్టు నుంచి ఉత్తరంగా ఇరవై గొలుసులు పోయి, వాగు పక్క రాయి దగ్గర తిరిగి..." గొలుసంటే 66 అడుగులని పుస్తకాలు చెబుతాయి. చెట్టు ఏదని అడిగితే ఎవరూ చెప్పరు. అది పడిపోయి రెండు వందల ఏళ్లయింది. వాగు కూడా తనకు నచ్చిన చోటికి జరిగింది. ఆస్తికి చెక్కుబందీ రాసినవాళ్ల నిబ్బరం చూస్తే ముచ్చటేస్తుంది.

మరో కాగితంలో భర్త 1720 నవంబరులో పోయాడు. భార్య 1720 ఫిబ్రవరిలో విధవగా సంతకం పెట్టి పొలం అమ్మింది. ఆవిడ తొందరపడలేదు లెండి. 1752 దాకా ఇంగ్లీషువాళ్లకు సంవత్సరం మార్చి 25న మారేది, కాబట్టి ఆ ఫిబ్రవరి నవంబరు తర్వాతే వచ్చింది. ఈ సంగతి తెలియక ముత్తవ్వను అనుమానించిన మనవలు ఎందరో.

సరిగ్గా ఇలాంటప్పుడే తోటి పరిశోధకులు ఆపద్బాంధవుల్లా వస్తారు. వీళ్ల సహాయం ఎలాంటిదంటే, మనం ఒక ముత్తాతను తీసుకెళ్తే ముగ్గురితో తిరిగొస్తాం, లేదా ఉన్న ఒక్కడూ పోతాడు. మూడేళ్లు కష్టపడి సీనియర్, జూనియర్ అని ఇద్దరిని తండ్రీకొడుకులుగా కలిపానని ఒక మిత్రుడు మురిసిపోతుంటే, ఒక పెద్దావిడ నెమ్మదిగా అడిగింది: "చూడు నాయనా, ఆ రోజుల్లో ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరిలో పెద్దవాణ్ని సీనియర్ అనేవాళ్లు. చుట్టరికం ఉండాలని రూలేమీ లేదు. పైగా పెద్దాయన పోతే జూనియరే సీనియర్ అయ్యేవాడు. నీ కాగితంలో ఉన్నది ఎవరు?" ఆ సాయంత్రానికి ఆయన వంశంలో నాలుగు తరాలు రాలిపోయాయి. ఆవిడే మళ్లీ దారీ చూపించింది: "మీవాణ్ని వెతకడం మానెయ్. సాక్షి సంతకం ఎవరిదో, పక్క పొలం ఎవరిదో చూడు." చూస్తే, పక్క పొలం ఆసామి ముత్తాతగారి బావమరిదే. దస్తావేజు కింద, చదువురాని ముత్తాత వేసిన ఇంటూ మార్కు నిశానీ. మిత్రుడు ఆ ఇంటూ మార్కును పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. ఇంటికొచ్చినవాళ్లు ఏదో తప్పు కొట్టేశారనుకుంటున్నారు.

ఇంత చూశాక నాదొక ప్రతిపాదన. భావితరాల మీద ఏమాత్రం ప్రేమ ఉన్నా ప్రతి కుటుంబమూ తరానికొక్క సరిహద్దు తగాదా పెట్టుకోవాలి. వాయిదాలు ఎగ్గొట్టడం మరీ శ్రేష్ఠం. అప్పిచ్చినవాడు దాచినంత భద్రంగా కాగితాలు ఎవరూ దాచరు. అన్నదమ్ములు కలిసిమెలిసి ఉన్న ఇళ్లలో పంపకాల దావా ఉండదు, ఎవరి పేరూ కోర్టుకెక్కదు. అలాంటి ఇళ్లను ఇప్పుడే హెచ్చరించాలి.

చెప్పేవాడు చేసి చూపించాలి కదా. మొన్న ఆదివారం పొద్దున్నే మా కంచె గుంజ ఒకటి పీకి పక్కాయన వైపు అరడుగు జరిపాను. ఆయన అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. నోటీసు వస్తుంది, అమీను వస్తాడు, నక్షా గీస్తారని నేను ఆశగా నిలబడితే, ఆయన లేచొచ్చి గుంజ రెండోవైపు పట్టుకున్నాడు.

"పోనీలెండి, అరడుగే కదా," అన్నాడు.